ముగ్గు పడని వాలుదారి

మునిసిపాలిటీల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనదాన్ని. కొత్తగా ఆ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏది?" అని అడుగుతుంటారు. వాళ్ల మనసులో ఏ నీళ్ల ట్యాంకో, పెద్ద రోడ్డో ఉంటుంది. అవీ చేశాను, కాదనను. కానీ ఇప్పటికీ కలలోకి వచ్చి నాకు చెమటలు పట్టించేది మాత్రం ఒక సందులో, ఒక కాలువ మీద, ఒక్క ఇంటి ముందు వేసిన ర్యాంపు. మీరు నవ్వినా సరే, ఈ రోజు దాని గురించే చెప్తాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను పుట్టు పిరికిదాన్ని. స్లాబు వేసిన రోజు నాకు నిద్ర ఉండేది కాదు. సెంట్రింగ్ విప్పే రోజు అన్నం దిగేది కాదు. "మేడమ్‌కు భయం జీతంతో పాటే వస్తది" అని ఆఫీసులో నవ్వుకునేవాళ్లు. మా పై అధికారి డీఈ గారు మాత్రం "భయపడే ఇంజనీరు కట్టిన గోడ కూలదమ్మా" అనేవారు. అది మెచ్చుకోవడమో, ఇంకో పని నెత్తిన రుద్దే ముందు చల్లే పన్నీరో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఈ పని కూడా ఆ పన్నీటితోనే వచ్చింది.

హైదరాబాద్ శివార్లలో ఇస్నాపూర్ దాటి లోపలికి పోతే ఒక పాత ఊరుంది. పేరు చెప్పను, అటువైపు వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. చుట్టూ కంపెనీలు, కార్మికులకు కిరాయికిచ్చే గదులు, కొత్త లేఅవుట్లు. మధ్యలో మాత్రం ఊరు పాతదే. చెరువు అలుగు పారితే ఆ నీళ్లు వెళ్లడానికి ఎప్పుడో పెద్దలు కట్టిన రాతి కాలువ ఇళ్ల మధ్య నుంచి వంకరలు తిరుగుతూ పోతుంది. కాలువకు ఒక పక్క ఇళ్లు ఎత్తు మీద ఉంటాయి, రెండో పక్క సందు పల్లంలో ఉంటుంది. అందుకని ఒక్కో ఇంటికి ఒక్కో చిన్న రాతి వంతెన, దాని మీది నుంచి సందులోకి దిగడానికి అరిగిపోయిన మెట్లు. హైదరాబాద్ నుంచి కెమెరాలు వేసుకుని వచ్చి ఆ మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగేవాళ్లు. వాళ్ల కాళ్లు బాగున్నాయి కాబట్టి ఆ మెట్లు వాళ్లకు అందంగానే కనబడేవి.

పైనుంచి వచ్చిన ఆదేశం ఏమిటంటే, నడవలేని వాళ్లు కూడా కాలువ దాటేలా చేయాలి, కానీ పాత రాయి ఒక్కటి కూడా కదపొద్దు. పామూ చావాలి, కర్రా విరగొద్దు అన్న మాట. మొదట ఊళ్లో తిరిగి నడవలేనివాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారని అడిగాను. "మా వాడకట్టుల గట్లాంటోళ్లు ఎవ్వరు లేరు మేడమ్" అన్నారు. అబద్ధం కాదు. గడప దాటి బయటికి రానివాళ్లు ఎవరికి కనబడతారు? తిరిగి వెళ్లిపోతుంటే ఒకావిడ వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పొలం పనికి పోయే మనిషి, అరచెయ్యి గరుగ్గా ఉంది.

"జెర మా ఇంట్లకొచ్చి సూడున్రి మేడమ్. నా బిడ్డ ఉన్నది" అంది.

ఆ బిడ్డకు ముప్పై లోపే ఉంటాయి. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. డ్యూటీ దిగి హైవే దాటుతుంటే లారీ తగిలి వెన్ను దెబ్బతింది, నడుము కింద స్పర్శ పోయింది. ఏదో క్యాంపులో చక్రాల కుర్చీ ఇచ్చారు. ఇంట్లో వంటగది నుంచి గడప దాకా దాంట్లోనే తిరుగుతోంది. నన్ను చూసి నవ్వింది.

"ఇది నా కారు మేడమ్. గడప కాడికి రాంగనె పెట్రోల్ అయిపోతది."

ఆమె పనిచేసిన కంపెనీలోనే మళ్లీ పిలిచారు. కూర్చుని లేబుళ్లు చూసే పని. బోనాల పండుగ తెల్లారి సోమవారం చేరాలి. కంపెనీ బస్సు రోడ్డు మీదికి వస్తుంది, అక్కడికి రోజూ తనంతట తాను రావాలి. రాలేకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతారు. ఆ మాట ఇన్‌చార్జి మెత్తగానే చెప్పాడట, కానీ చెప్పాడు.

"ఎవరన్నా ఎత్తుకుని దించితే?" అన్నాను, తెలివితక్కువగా.

"ఎన్ని దినాలు ఎత్తుకపోతరు మేడమ్? మా అమ్మ నడుము ఇప్పటికే వంగిపాయె. ఆఖరికి ఒక దినం ఎవ్వలు దొర్కరు, నా నౌకరి గా దినమే పోతది. నాది నేనే పోవాలె. మీరు గా కాల్వ ఒక్కటి దాటియ్యున్రి, మిగిలింది నేను సూసుకుంట."

అప్పటి నుంచి నాకు భయం మొదలైంది. ఇంటికొచ్చి కూర వండుతున్నా చెవిలో అదే మాట. పండుగ ఇంకెంతో దూరం లేదు, పైగా వానాకాలం.

పని చెప్పడానికి తేలికే. పాత వంతెనను ముట్టకుండా దాని పక్కనే అదే ఎత్తులో సిమెంటు పలక వేయాలి. ఆమె ఇల్లు ఎత్తు మీదే కాబట్టి గడప నుంచి పలక మీదికి సాఫీగా వస్తుంది. చిక్కంతా అవతల సందులోకి దిగే దగ్గర. చక్రాల కుర్చీ ఒక్క అడుగు ఎత్తు దిగాలంటే పన్నెండు అడుగుల పొడుగున వాలు పరవాలి. లేకపోతే అది ర్యాంపు కాదు, జారుడుబండ. అంత పొడుగు సందుకు అడ్డంగా పట్టదు. కాలువ ఒడ్డు వెంబడి, అవతలి ఇంటి ప్రహరీ గోడ పక్కనుంచి దించాలి. ఆ గోడ పటేలుది.

పటేలు ఆ ఊరి పాత భూస్వామ్య కుటుంబం మనిషి. సగం భూమి ప్లాట్లయి పోయినా మీసం మాత్రం అలాగే ఉంది. నేను చెప్పిందంతా విని, కాలువ వైపు చెయ్యి చూపించాడు.

"అలుగు దుంకినప్పుడు మీరు ఎన్నడన్న సూసిన్రా మేడమ్? చెట్టుకొమ్మలొస్తయి, గుర్రపుడెక్కొస్తది, ఇప్పుడు కంపెనీల తర్మకోల్ గూడ వస్తున్నది. మీ పలక కింద గదంత ఇరికిందంటె నీళ్లు ఎవనింట్లకొస్తయి? నా ఇంట్లకే. నా చిన్నతనాన ఒకపారి వచ్చినయి. గుమ్మిలున్న వడ్లు మొలకలెత్తినయి."

ఆయన అడ్డం పడటానికే అడ్డం పడుతున్నాడని ఆఫీసులో అన్నారు. నాకలా అనిపించలేదు. ఆయన భయం నాకు చుట్టంలా కనిపించింది. పాత వంతెన కింద ఎంత ఖాళీ ఉందో పలక కిందా అంతే ఉంచుతానన్నాను. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"సరె. గోడ పక్కపొంటి వేసుకోన్రి. గని నా ఇంట్లకు నీళ్లొచ్చిన దినం మీ చేతులతోనే పలగ్గొట్టాలె. మాటియ్యున్రి."

ఇచ్చాను. ఇంజనీరు అలాంటి మాట ఇవ్వకూడదు. కానీ ఇంకో దారి ఏముంది చెప్పండి?

మేస్త్రీ బీహార్ అతను, దగ్గర్లోని ఇంద్రేశంలో ఉండేవాడు. చెయ్యి మంచిది. పలక వేశాం, తడి గోనె సంచులు కప్పాం, కాలువ పక్క ఇనుప పైపుల కమ్మీ బిగించాం. చివరగా వాలు మీద పై పూత ఒక్కటే మిగిలింది. ఆ పూత పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు గీయమని, గరుగ్గా ఉంటేనే చక్రం పట్టు దొరుకుతుందని అతనికి మరీ మరీ చెప్పాను. ఆ రోజు నాకు సంగారెడ్డి కలెక్టరేట్‌లో మీటింగు. మీటింగులో ఎవరేం మాట్లాడారో తెలియదు, నా ప్రాణమంతా ఆ పూత మీదే.

మర్నాడు, అంటే పండుగకు రెండు రోజుల ముందు, వెళ్లి చూశాను. వాలు అద్దంలా మెరుస్తోంది. వంగి చూస్తే నా మొహం కనబడేలా ఉంది.

"ఏక్‌దం చిక్నా కియా మేడమ్!" అన్నాడు మేస్త్రీ, బాగా నున్నగా చేశానని గర్వంగా.

"గీతలేవి? గీతలు గీయమన్నా కదా!"

అతను బిత్తరపోయి ఆ తల్లి వైపు చూశాడు. "అమ్మా బోలీ..." అన్నాడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నేనే చెప్పిన మేడమ్. గీతలున్న కాడ ముగ్గెట్ల పడ్తది? పండుగ దినాలాయె. మళ్ల సోమారం పొద్దుగాల నా బిడ్డ నౌకరికి పోతది. ఇన్నొద్దులు ఆమె కోసం వాకిలే లేకపాయె. ఆమె పోయే తొవ్వ అందంగ ఉండాలె గద? వాడకట్టు ఆడోళ్లందరు గదే అన్నరు."

నాకు కోపం రావలసిందే, రాలేదు. మా ప్రాంతంలో పొద్దున్నే వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లి ముగ్గు వేయని ఇల్లు ఇల్లే కాదు. కూతురి కోసం కొత్తగా వచ్చిన వాకిలి అది. ఆ తల్లి దాన్ని వాకిలిలాగే చూసింది, నేను ర్యాంపులా చూశాను. అంతే తేడా.

నెమ్మదిగా చెప్పాను, "అక్కా, నున్నగుంటే చక్రం జారుతది." ఆమె మొహం అక్కడికక్కడే వాడిపోయింది. ఉలితో గాట్లు పెడదామంటే మేస్త్రీ వద్దన్నాడు. పూత పచ్చిది, ఇప్పుడే కొడితే పెచ్చులుగా లేచిపోతుందట. సోమవారం తెల్లవారగానే వచ్చి, బస్సు వేళకు చక్రాలు పోయే మేర గాట్లు కొట్టేస్తానన్నాడు. తన పనిముట్ల సంచి ఆ ఇంట్లోనే పెట్టి పోయాడు. నేను బతికి బట్టకట్టాననుకున్నాను.

ఆదివారం బోనాలు. నేను సంగారెడ్డిలో మా ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రానికి వాన మొదలై ఇక ఆగలేదు. కిటికీ దగ్గర కూర్చుంటే నా కళ్లకు రెండే కనబడుతున్నాయి, పలక కింద ఇరుక్కున్న చెట్టుకొమ్మ, పటేలు గుమ్మిలో వడ్లు. పలక నిలిస్తే నీళ్లు ఆయన ఇంట్లోకి పోతాయేమో. పోతే పలక నా చేతులతో పగలగొట్టాలి, ఆమె నౌకరీ కూడా దాంతోనే పోతుంది. ఏ వైపు చూసినా నేనే. మా ఆయన "పడుకోవే, వాన నీ మాట వినదు" అన్నాడు. ఆ మాట మాత్రం నిజం.

తెల్లవారి ఆటో పట్టుకుని అక్కడికి చేరేసరికి వాన తెరిపిచ్చింది. సన్నని తుంపర ఉంది. కాలువ ఎర్రగా, నిండుగా పారుతోంది. పలక కిందికి జానెడు ఖాళీ మాత్రమే మిగిలింది. పటేలు గొడుగేసుకుని గోడ పక్కనే నిలబడి నీళ్లనే చూస్తున్నాడు. మేస్త్రీ లేడు. ఫోన్ చేస్తే, ఇంద్రేశం సందుల్లో నీళ్లు నిలిచి గదిలోంచి బయటికే రాలేకపోతున్నానన్నాడు.

అప్పుడు వాలు వైపు చూశాను. దాని మీద పొడుగునా రథం ముగ్గు. వాన ఆగిన సందులో ఆ తల్లి లేచి సాన్పు చల్లింది, ముగ్గేసింది. నేను చెప్పింది మరిచిపోయి కాదు. పొద్దున్నే లేస్తే ఆమె చేతులు చేసే పని అది, ఆమెను అడిగి చేయవు. దాని మీద తుంపర పడి పేడా ముగ్గూ కలిసి జిగట పట్టింది.

ఎంత జారుతుందో చూద్దామని అడుగు పెట్టాను. రెండో అడుగు పెట్టలేదు. అందరి ముందూ నడుము మీద పడి, కమ్మీ పట్టుకుని ఆగాను.

"ఇంజనీరమ్మే ఆగలేదు, ఇగ పిల్ల కుర్చీ ఆగుతదా?" అన్నాడు పటేలు. వెటకారంగా కాదు, దిగులుగా.

ఆ బిడ్డ గడప దగ్గర తయారుగా ఉంది. ఇస్త్రీ చేసిన చుడీదార్, ఒళ్లో టిఫిన్ బాక్సు. నేను పడటం చూసింది. నవ్వలేదు.

"బిడ్డా, ఈ ఒక్కరోజు ఎత్తుకుని దించుదాం. రేపటికి గాట్లు కొట్టిస్త, నాది జిమ్మేదారి" అన్నాను, లేస్తూ.

తల అడ్డంగా ఊపింది. "మొదటి దినమే ఎత్తుకస్తే, రేపు నువ్వు రాకుంటె ఎట్ల అంటరు మేడమ్. నాకు ఎరుకే ఆల్ల సంగతి. నేను దిగుత. పడితే పడుత."

కుర్చీని ముందుకు నెట్టుకుంది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఆ క్షణంలో నాకున్న భయం ఇప్పుడు రాయడం చేతకాదు. కింద కాలువ మోత, పక్కన రాతి గోడ, మధ్యలో సబ్బు రుద్దినట్టున్న వాలు.

ఆ తల్లి లోపలికి పోయి మేస్త్రీ సంచిలోంచి ఉలి, సుత్తె తెచ్చింది. కొంగు నడుముకు చుట్టి, వాలు పైకొసన తన రథం ముగ్గు మీదే మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్కసారి కూతురి వైపు చూసి, ఉలి ఆనించి కొట్టింది. నున్నటి పూత పగిలి తెల్లని గాటు పడింది. మళ్లీ కొట్టింది.

"ఊడిపోతదేమో అక్కా!" అన్నాను.

"ఊడితే ఊడనియ్యి. మళ్ల పూస్తం."

ఊడలేదు. అప్పటికి గట్టిపడింది. చక్రాలు ఎక్కడెక్కడ పోతాయో నేను వేలితో చూపిస్తూ పోయాను, ఆమె అడ్డంగా గాట్లు పెడుతూ వచ్చింది. పక్కిళ్ల ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి చీపుళ్లతో ముగ్గంతా కడిగేశారు. అందులో ఒకరికి కూడా "అయ్యో ముగ్గు" అనిపించినట్టు లేదు. నేను మాత్రం లోలోపల అనుకున్నాను.

దూరంగా బస్సు హారన్ వినిపించింది. సగం వాలు కూడా కాలేదు.

పటేలు గొడుగు మూశాడు. "మీరు కొట్టున్రి. నేను పోయి బస్సు ఆపుత. ఈ ముసలోన్ని తొక్కిచ్చుకుంట ఎట్ల పోతరో సూస్త" అని సందులోకి నడిచాడు. నాలుగడుగులు వేసి మళ్లీ తిరిగి కాలువలోకి ఒకసారి తొంగి చూసుకుని, అప్పుడు వెళ్లాడు. ఆ చూపుకు నేను ఆయన్ని తప్పు పట్టలేదు.

వాలు కింది భాగానికి గాట్లు పెట్టే వేళ లేదు. పనికి తెప్పించగా మిగిలిన ఇసుక గోడ వారన ఉంటే తట్టలతో ఎత్తి మందంగా పరిచాం.

"ఇగ రా బిడ్డా" అంది తల్లి.

కూతురు రెండు చక్రాలనూ అరచేతులతో అదిమి పట్టుకుని పలక దాటింది, వాలు మీదికి వచ్చింది. గాట్ల మీద చక్రం టకటకమంటూ దిగుతోంది. నేను ఆమె వైపు తిరిగి ముందు నడుస్తున్నాను, వెనక్కి నడవడం చేతకాక గోడ పట్టుకుని. గాట్లు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట కుర్చీ ఒక్కసారి పక్కకు కొట్టుకుంది. తల్లి చేతులు అంత ముందుకు వచ్చి, కుర్చీని ముట్టకుండానే ఆగిపోయాయి. కూతురు కమ్మీ పట్టుకుంది, ఊపిరి పీల్చింది, చక్రం సరిచేసుకుంది. ఇసుకలో కరకరమంటూ దిగి సందులోకి వచ్చింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరం బస్సు వైపు పరుగెత్తాం.

పటేలు బస్సు ముందు కొయ్యలా నిలబడి డ్రైవర్‌తో వాదిస్తున్నాడు. ఆమె కుర్చీ బస్సు తలుపు దగ్గర ఆగింది. అప్పుడు చూశాను. బస్సుకు మెట్లు. ఎత్తైన ఇనుప మెట్లు. ఇన్నాళ్లూ కాలువ, కాలువ అని కొట్టుకున్నదాన్ని, బస్సెలా ఎక్కుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. బస్సుకు ఆనుకుని నిలబడ్డాను. డ్రైవర్ దిగి వచ్చి, ఎత్తుకోవడానికి చేతులు చాపాడు.

"ముట్టకున్రి అన్నా" అంది ఆమె.

కుర్చీని తలుపుకు ఆనించింది. బ్రేకు వేసింది. అరచేతులు ఊని ఒంటిని లేపి, కింది మెట్టు మీద బస్సు లోపలికి వీపు పెట్టి కూర్చుంది. కాళ్లను చేతులతో ఒక్కొక్కటిగా లాక్కుంది. మళ్లీ చేతులు ఊని పై మెట్టు మీదికి ఎగబాకింది. ఆ పైన ఇంకో మెట్టు. ఇస్త్రీ చుడీదార్ అంతా బురద. లోపల కూర్చున్న ఒడియా అమ్మాయిలు గబగబా లేచి ముందు సీటు ఖాళీ చేశారు. ఆమె ఆ సీటు కమ్మీ పట్టుకుని పైకి లేచి కూర్చుంది. చెమట తుడుచుకుని కిటికీలోంచి నన్ను చూసింది.

"ఏంది మేడమ్ గట్ల సూస్తున్నరు? బస్సు మెట్ల సంగతి నాకు మొదాలే ఎరుక. మంచం మీదికి, పీట మీదికి ఎక్కుకుంట దిగుకుంట ఇంట్ల నేర్చుకున్న. కాల్వ ఒక్కటే నాతోని కాకపాయె."

కుర్చీని మడిచి డ్రైవర్ లోపల పెట్టాడు. బస్సు కదిలింది. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. నాకు సిగ్గేమీ అనిపించలేదు. పటేలు అటు తిరిగి, "నీళ్లు తగ్గుతున్నట్టే ఉన్నది" అని ఎవరికో చెప్పినట్టు చెప్పి ఇంటి దారి పట్టాడు.

ఆ తల్లి మాత్రం బస్సు మలుపు తిరిగేదాకా చూసింది. ఆమె చేతిలో ఉలి ఇంకా అలాగే ఉంది, వేళ్లకు సిమెంటు దుమ్ము, ఒక వేలి పక్కన రక్తం చెమ్మ.

"మళ్ల బస్సు ఎప్పుడొస్తది మేడమ్?"

"పొద్దుగూకేటప్పుడక్కా."

"అప్పుడు ఎక్కాలె గద, దిగుడు కంటె కష్టం" అంది. కొంగు బిగించుకుని, గాట్లు పడని కింది సగం వైపు నడిచింది.